కత్తెర మిగిల్చిన ముక్క

బెరిల్ ట్రాంటర్ భర్త టీవీలో చచ్చిపోయిన శనివారం సాయంత్రం, ఆ భర్త ఆమె పక్కనే సోఫాలో కూర్చుని కాగితం పొట్లంలోంచి వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు తింటున్నాడు. లండన్‌కు పడమట ఆక్టన్‌లో, రైలుకట్ట వెనక వీధిలో, మేడమీద వాళ్లది రెండు గదుల ఇల్లు. ఆవేళ ఆ గదుల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. కింది వాటా ఐవీ కోకర్, ఆవిడ మొగుడు, ఎదురింటివాళ్లు, అందరూ తమ తమ టీవీలు వదిలేసి అద్దెకు తెచ్చిన వీళ్ల చిన్న టీవీ ముందే చేరారు. డెస్ టీవీలో కనబడుతుంటే డెస్ ఇంట్లోనే చూడాలని వాళ్ల సరదా.

డెస్ కనబడిన ఆ సైన్స్ కథల సీరియల్ అప్పటికే కొన్నేళ్లుగా నడుస్తోంది. వేరే గ్రహాలు, వింత జంతువులు, అట్టలతో కట్టిన గుహలు. పిల్లలు జడుసుకుంటూనే చూసేవారు, పెద్దలు పిల్లల వంకతో చూసేవారు. శనివారం టీ వేళకి వీధుల్లో మనిషి కనబడేవాడు కాదు.

డెస్మండ్ ట్రాంటర్ తెల్లవారుజామున పాలబండి తోలేవాడు. పాల సీసాలు పంచడం అయ్యాక మొహం కడుక్కుని, తల నున్నగా దువ్వుకుని స్టూడియోల చుట్టూ తిరిగేవాడు. గుంపులో గోవిందయ్యలాంటి వేషాలే ఎక్కువ. ఏ సినిమాలోనైనా తన భర్త వీపు ఎక్కడుందో బెరిల్ ఇట్టే చూపించగలిగేది. అలాంటివాడికి ఆ సీరియల్లో మాటలున్న వేషం దొరికింది. చంద్రుడి మీద గనిలో కాపలావాడు. రెండే సీన్లు. మొదటిదాంట్లో పైఅధికారికి టీ కలుపుతాడు. చక్కెర సరిపోయిందో లేదోనని కాస్త తాగి చూస్తాడు, ఇంకాస్త వేసి మళ్లీ తాగి చూస్తాడు. తీరా అధికారి ముందు పెట్టేసరికి కప్పులో అడుగున గుక్కెడు మాత్రం మిగులుతుంది. దాన్ని రాణిగారికి అందిస్తున్నంత మర్యాదగా అందిస్తాడు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఐవీ మొగుడికి పొలమారి, వీపు చరవాల్సి వచ్చింది.

రెండో సీన్లో అతను చీకటి సొరంగంలో నడుస్తుంటే వెనక ఏదో చప్పుడు. అప్పటికి నిండు నెలలకు దగ్గరపడిన బెరిల్ రెండు చేతులతో కళ్లు మూసుకుంది. డెస్ నవ్వుతూ ఆ చేతులు లాగబోయాడు.

“చూడవే పిచ్చిదానా. నేనిక్కడే ఉన్నాగా.”

“నువ్వు చావడం నేనెందుకు చూడాలి?” అని ఆమె వేళ్లు ఇంకా బిగించింది. అరుపొకటి వినబడింది. తర్వాత ఐవీ మెచ్చుకోలు వినబడింది: “అబ్బ, ఎంత బాగా చచ్చిపోయావయ్యా డెస్!”

వసంతంలో కూతురు పుట్టింది. లొరెయిన్ అని పేరు పెట్టారు. ఆ వచ్చిన చలికాలంలో, రోడ్డు మీద మంచు గాజులా గట్టిపడిన ఒక ఉదయం, మలుపు దగ్గర లారీ జారి వచ్చి పాలబండిని గుద్దింది. కబురు తెచ్చిన పోలీసు చిన్న వయసువాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఎక్కడ చూడాలో తెలియక స్టవ్ వైపు చూస్తూ, ఆయనకేమీ తెలిసి ఉండదమ్మా, అంతా క్షణంలో అయిపోయింది అన్నాడు. బెరిల్ ఆ మాటను పట్టుకుంది. మిగతా అందరూ అన్నవి, పాస్టరుగారు చదివినవి, ఏవీ ఆమెకు నిలవలేదు. ఇదొక్కటే నిలిచింది. ఆయనకేమీ తెలియలేదు.

ఆమె ఒక ప్రాథమిక పాఠశాల వంటింట్లో పనికి కుదిరింది. మధ్యాహ్నం పిల్లలకు ఉడికిన కూరలు, మాంసం పులుసు, పైన కస్టర్డ్ పోసిన తీపి వడ్డించే పని. గరిటెలో కాస్త ఎక్కువ తోడి, ఎవరూ చూడకుండా బక్కపిల్లల పళ్లేల్లో వేసేది. బస్సు నడిపే ఒక పెద్దమనిషి కొన్నాళ్లు ఆమెను సినిమాలకు తీసుకువెళ్లాడు. మంచివాడే. పెళ్లి మాట ఎత్తేసరికి ఆమె నెమ్మదిగా తప్పుకుంది. ఎందుకని ఐవీ నిలదీస్తే, ఆయన ఏ మాటతో నవ్విస్తాడో నాకు ముందే తెలిసిపోతుంది, డెస్‌తో అలా ఉండేది కాదు అని చెప్పింది.

లొరెయిన్‌కు తండ్రి అంటే నాలుగు ఫొటోలు. పెళ్లినాటిది, సముద్రం ఒడ్డున ప్యాంటు మోకాళ్లదాకా మడిచినది, వేషాల కోసం స్టూడియోలకు పంపినది, పసిబిడ్డను తలకిందులుగా పట్టుకున్నట్టు కనబడేది. కదిలే బొమ్మ ఒక్కటీ లేదు, గొంతు లేదు. అందుకే ఆ పిల్ల అడిగేది. నాన్న ఎలా నడిచేవాడు? నాన్న తుమ్మితే ఎలా ఉండేది? బెరిల్ వంటింట్లో అటూ ఇటూ నడిచి చూపించేది. టీ సీను చేసి చూపించేది. పెద్ద పిల్ల అయ్యాక కూడా లొరెయిన్ ఆ సీను అడిగి మరీ చేయించుకునేది.

బళ్లో పిల్లలు నమ్మలేదు. మీ నాన్న అందులో ఉంటే చూపించు అన్నారు. దాంతో బెరిల్ ఒకరోజు ధైర్యం చేసి టీవీ సంస్థకు ఫోన్ చేసింది. అవతల మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదగా, ఆ కథ ఇప్పుడు లేదండీ అంది. ఆ రోజుల్లో టేపులు ఖరీదైనవట. ఒకసారి వేసిన కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారని చెరిపేసి, అదే టేపు మీద ఇంకోటి పట్టేవారట.

ఆ సాయంత్రం కూతురికి చెప్పింది. లొరెయిన్ ఏడవలేదు. ఒకే ప్రశ్న వేసింది.

“అందులో నాన్న ఉన్నాడని వాళ్లకి తెలీదా అమ్మా?”

సీరియల్ మాత్రం ఆగలేదు. ఏళ్ల తరబడి శనివారాలు నడిచింది, చివరికి ఎప్పుడో ఆగింది. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పెట్టేవారు కాదు.

లొరెయిన్ ఆడవాళ్ల సెలూన్లో పని నేర్చుకుని, క్లైవ్‌ను పెళ్లి చేసుకుని హౌన్స్‌లో అనే పేటలో కాపురం పెట్టింది. అక్కడే సొంతంగా చిన్న సెలూన్ తెరిచింది. ఆదివారం భోజనానికి మాత్రం తల్లి దగ్గరికి వచ్చేది. ఆమెకు ముప్పయ్యేళ్లు దగ్గరపడుతున్నప్పుడు, నైజెల్ పాస్క్ అనే ఆయన బెరిల్‌కు ఫోన్ చేసి, ఇంటికి రావచ్చా అని అడిగాడు.

ఎత్తుగా, వంగి నడిచే మనిషి. టెలిఫోన్ శాఖలో ఉద్యోగం, ఖాళీ అంతా ఆ సీరియల్‌కే. చిన్నప్పుడు సోఫా వెనక దాక్కుని చూసినవాళ్లలో అతనొకడు. ఇప్పుడు ఒక కంపెనీ ఆ సీరియల్‌ను క్యాసెట్లుగా ఇళ్లకు అమ్ముతోందని, చెరిగిపోయిన కథల్లో మిగిలిన ముక్కలన్నీ కలిపి ఒక క్యాసెట్ తెస్తోందని, వాటిని వెతికే పని తనదని చెప్పాడు. కోటు విప్పమన్నా విప్పలేదు.

“మీకు ముందే చెప్పాలనిపించింది, మిసెస్ ట్రాంటర్. ఏ దుకాణంలోనో హఠాత్తుగా కనబడితే బాగోదు కదండీ. మీ ఆయన దొరికారు.”

బెరిల్ చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది.

అతను చెప్పుకొచ్చాడు. ఆ రోజుల్లో ఈ సీరియల్‌ను ఆస్ట్రేలియాకు కూడా అమ్మేవారు. అక్కడ పిల్లలు భయపడతారని అధికారులు కొన్ని చోట్ల ఫిల్మును కత్తిరించాకే వేయనిచ్చేవారు. వేసిన ఫిల్ము తర్వాత తగలబెట్టారు. కత్తిరించిన ముక్కలు మాత్రం ఒక డబ్బాలో పడి ఉండిపోయాయి. ఎవరూ చూడకూడదన్నవి గనక ఎవరికీ గుర్తు రాలేదు.

“అయితే టీ పెట్టే సీను ఉందన్నమాట,” అంది బెరిల్.

“ఏ టీ అండీ?”

ఆమె చెప్పింది. అతను తల దించుకున్నాడు. “అందులో భయపడేదేమీ లేదు కదండీ. పిల్లలు జడుసుకునేవే కోశారు. కోసినవే మిగిలాయి.”

“అంటే ఆయన నవ్వించింది పోయింది, చచ్చింది మిగిలింది.”

“అవునండీ. క్షమించండి,” అన్నాడు, కత్తెర పట్టింది తనే అయినట్టు.

ఆ ముక్క ఎక్కించిన క్యాసెట్ బల్ల మీద పెట్టి, చూస్తున్నంతసేపూ పక్కన ఉండమంటారా అని అడిగాడు. వద్దంది. ఒక కేకు ముక్క కాగితంలో చుట్టి చేతిలో పెట్టి పంపించింది. తలుపు వేసి వచ్చి, కిందటి క్రిస్మస్‌కు లొరెయిన్ కొనిపెట్టిన వీడియో పెట్టెలో క్యాసెట్ తోసి, నిలబడే చూసింది.

చీకటి సొరంగం. ఒక కుర్రాడు నడిచి వస్తున్నాడు. చప్పుడు. ఆగాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు. ఎవరక్కడ అన్నాడు. కళ్లు పెద్దవయ్యాయి, నోరు ఒక పక్కకు లాగుకుపోయింది, ఏం జరగబోతోందో పూర్తిగా తెలిసిన ముఖం. అరుపు. అంతే. ఊపిరి తీసి వదిలినంతసేపు.

డెస్ ముఖం మీద ఆమె భయం ఎన్నడూ చూడలేదు. కోపం చూసింది, దిగులు చూసింది, చేతకానితనం చూసింది. ఇది చూడలేదు. ఇన్నేళ్లూ మలుపు దగ్గర మంచు మీద ఆమె ఊహించుకున్న డెస్‌కు ముఖమే లేదు. ఏమీ తెలియనివాడికి ముఖంతో పనేముంది? ఇప్పుడు వచ్చింది. లారీ జారి వస్తుంటే అతను తల తిప్పి చూసి ఉంటాడు. ఇలాగే తిప్పి ఉంటాడు. ఇలాగే చూసి ఉంటాడు. పోలీసు కుర్రాడు పాపం దయతలచి చెప్పిన మాట, ఆమె నిలబడి ఉండగానే విరిగిపోయింది.

ఆమె కూతురికి చెప్పకుండా ఉండేదే. కానీ క్యాసెట్ దుకాణాల్లోకి వస్తోంది. ఆదివారం మాంసం కోసి పళ్లేల్లో పెట్టాక, తినకముందే చెప్పేసింది. లొరెయిన్ ఫోర్కు కింద పెట్టి, లేచి వెళ్లి క్యాసెట్ పెట్టింది.

తల్లి చూసినది కూతురు చూడలేదు. లొరెయిన్‌కు భయం కనబడలేదు. తల తిప్పడం కనబడింది. నుదుటి మీద పడిన జుట్టు కనబడింది. బతికి ఉన్న నాన్న ముఖంలో రెప్పలు కొట్టుకోవడం కనబడింది.

“అమ్మా, ఆ భుజం చూడు. నేను కూడా అలాగే తిరుగుతాను. క్లైవ్ ఎప్పుడూ వెక్కిరిస్తాడు, మెడ పట్టేసినదానిలా తిరుగుతావని.”

ఏడుస్తోంది, నవ్వుతోంది, వెనక్కి తిప్పి మళ్లీ పెడుతోంది. బెరిల్ గిన్నెలు కడిగే నెపంతో వంటింట్లోకి వెళ్లింది. గోడ అవతల నుంచి ఆమె మొగుడు మళ్లీ మళ్లీ అరుస్తూనే ఉన్నాడు. కుళాయి పూర్తిగా తిప్పినా వినబడింది.

లొరెయిన్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “అమ్మా, ఇది నాన్న గొంతేనా? ఇలాగే ఉండేదా?”

బెరిల్ సబ్బునురగలో చేతులు పెట్టుకుని, “ఆఁ, ఇలాగే ఉండేది,” అంది.

అది నిజం కాదు. డెస్‌ది లండన్ బెర్మండ్సీలో రేవుకూలీల యాస. సగం అక్షరాలు మింగేసి, మిగతా సగం సాగదీసేవాడు. ఆ వేషానికి అలాంటి మాట పనికిరాదన్నారని, నీళ్లతొట్టిలో కూర్చుని రోజూ దొరబాబు గొంతు సాధన చేశాడు. ఆ ముక్కలో ఉన్నది ఆ అరువు గొంతు.

క్యాసెట్ విడుదలయ్యాక హ్యామర్‌స్మిత్‌లో ఒక హాలు అద్దెకు తీసుకుని అభిమానులు సభ పెట్టారు. నైజెల్ తల్లీకూతుళ్లిద్దరినీ పిలిచాడు. లొరెయిన్ కొత్త గౌను కొనుక్కుంది. పెద్ద తెర మీద ఆ ముక్క వేశారు. డెస్ మీదికి రాబోయే జంతువు చెయ్యి ఒక్క క్షణం తెర అంచున కనబడుతుంది. పాచిపనికి వాడే రబ్బరు చేతితొడుగుకి రంగు పూసినది. హాలంతా నవ్వింది. ఎకసెక్కం కాదు, ముద్దుగానే నవ్వారు. చిన్నప్పుడు తమను అంతగా భయపెట్టింది రబ్బరు తొడుగా అని. లొరెయిన్ కూడా వాళ్లతోపాటు నవ్వింది. బెరిల్ ఒళ్లోని హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

లొరెయిన్‌ను వేదిక మీదికి పిలిచారు. పుట్టి బుద్ధెరిగాక నాన్న గొంతు మొదటిసారి మీ వల్లే విన్నానని చెప్పింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు బెరిల్ చేతికిచ్చారు. ఆమె ఒక్కటే అడిగింది.

“ఆయన టీ కలిపే సీను ఒకటుండేది. అది ఎవరికైనా గుర్తుందా?”

వాళ్లకు ఆ సీరియల్ గురించి తెలియనిది లేదు, కానీ అందరికీ గుర్తున్నది సొరంగమే. చివరికి ముందు వరుసలో ఒకాయన, ఆమెను ఊరడించాలనే కాబోలు, తనకు గుర్తుందన్నాడు. టీ ఒలికి యంత్రం పాడవుతుంది కదండీ, అందరూ గాల్లో తేలతారు అన్నాడు. అది వేరే కథ అని పక్కవాడు సర్దాడు. బెరిల్ థ్యాంక్స్ చెప్పి మైకు ఇచ్చేసింది.

తిరిగి వస్తుంటే కారులో లొరెయిన్ తండ్రి మాటను అనుకరిస్తోంది. ఎవరక్కడ, ఎవరక్కడ, అని ఆ దొరబాబు గొంతులోనే. చాలా బాగా పట్టింది కూడా.

“అది ఆయన గొంతు కాదు,” అంది బెరిల్. తను అంటున్నానని ఆమెకే ఆలస్యంగా తెలిసింది. తర్వాత మిగిలినదంతా చెప్పేసింది.

లొరెయిన్ కారు పక్కకు తీసి ఆపింది. “మొన్న అవునన్నావు.”

“అన్నాను.”

“మరి ఇప్పుడెందుకు చెప్పావు?”

బెరిల్ ఒళ్లోని హ్యాండ్‌బ్యాగు తెరిచి, మళ్లీ మూసింది.

“నీ దగ్గర ఆయనంతా ఉన్నాడమ్మా. నడక, నవ్వు, అన్నీ. నాకున్నది ఈ చిన్న ముక్క. అది కూడా లాగేసుకున్నావు.”

తల్లిని ఇంటి ముందు దించి, లోపలికి రాకుండా వెళ్లిపోయింది. ఆ ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారాలూ రాలేదు. ఫోన్ చేస్తే క్లైవ్ ఎత్తి, సెలూన్లో పని ఎక్కువగా ఉందండీ అనేవాడు. బెరిల్ మాత్రం తనొక్కదానికోసం మాంసం వండుకుని, మిగిలింది సోమవారం చల్లగానే తినేది.

కూతురన్న మాట నిజమేనా అని ఆ ఒంటరి రోజుల్లోనే ఆమె చూసుకుంది. నీ దగ్గర ఆయనంతా ఉన్నాడంది కదా. కళ్లు మూసుకుని డెస్‌ను పిలిచింది. సొరంగం వచ్చింది. టీ కప్పు పట్టుకున్న డెస్‌ను తలుచుకుంది. కప్పు వచ్చింది, చేతులు వచ్చాయి, పైకి చూసేసరికి మళ్లీ ఆ కళ్లే, పక్కకు లాగుకుపోయిన ఆ నోరే. పెళ్లి ఫొటో తీసి చూస్తే నవ్వుతున్న పెదవి చివర కూడా ఆ వంకర మొదలవబోతున్నట్టు ఉంది. ఎన్నో ఏళ్లు ఏ ఫిల్మూ లేకుండా, ఏ టేపూ లేకుండా ఆమె దాచుకున్న మనిషిని, ఊపిరి తీసినంతసేపు ఉన్న ఆ ముక్క తినేసింది.

ఆనాడు ఆ గదిలో టీ సీను చూసినవాళ్లలో, తను కాక, ఇంకా బతికున్నది ఐవీ కోకర్ ఒక్కతే. ముసలివాళ్ల ఆశ్రమంలో ఉంటోంది. బెరిల్ అల్లం బిస్కెట్లు పట్టుకుని, రెండు బస్సులు మారి వెళ్లింది. ఐవీ గుర్తుపట్టింది. చెయ్యి వదలకుండా పట్టుకుంది.

“డెస్ గుర్తున్నాడా ఐవీ?”

“ఎందుకు లేడు? ఎంత బాగా చచ్చిపోయాడో!”

“దానికి ముందు. టీ కలుపుతాడు చూడు, తాగి చూసి తాగి చూసి అయిపోగొడతాడు. మీ ఆయనకి పొలమారింది.”

ఐవీ ముఖం ఒక్కసారి వెలిగింది. బెరిల్ ముందుకు వంగింది.

“టీ తాగుతావా తల్లీ? ఆ అమ్మాయిని పిలవనా?” అంది ఐవీ.

ఆ మర్నాడు బెరిల్ హౌన్స్‌లోకు, కూతురి దగ్గరికి వెళ్లింది. సెలూన్లో తన వంతు వచ్చేదాకా, మామూలు గిరాకీలాగే గోడవార కుర్చీలో కూర్చుంది. లొరెయిన్ చూసి, ఏమీ అనకుండా తువ్వాలు మెడకు చుట్టి, తల వెనక్కి వంచి తొట్టిలో పెట్టింది. గోరువెచ్చటి నీళ్లు పోస్తూ తల రుద్దసాగింది. పక్క కుర్చీలో ఎవరో అమ్మాయి తలకు జుట్టు ఆరబెట్టే యంత్రం పెట్టుకుని పత్రిక చదువుకుంటోంది.

“నీ దగ్గర అంతా ఉందన్నావు కదా,” అంది బెరిల్, కళ్లు మూసుకునే. “వెతికాను తల్లీ. లేడు. ముఖం రావట్లేదు. ఆ టేపులో ఉన్నవాడే వస్తున్నాడు.”

లొరెయిన్ చేతులు ఆగాయి.

“నీకు ఇద్దామనుకున్నాను. నవ్వే ముఖం, మామూలుగా ఉండే ముఖం. ఇవ్వడానికి నా దగ్గరే లేకుండా పోయింది.”

లొరెయిన్ మళ్లీ తల రుద్దడం మొదలుపెట్టింది. ముందుకంటే నెమ్మదిగా.

“నేనింక ఆ టేపు పెట్టను అమ్మా.”

“పెట్టుకో. నువ్వు చూస్తే నీకు నాన్న కనబడుతున్నాడు. నేను చూస్తే నాకు కనబడట్లేదు. అందులో నీ తప్పేముంది?”

జుట్టు ఆరబెట్టి, దువ్వి, అద్దం వెనకపక్క పట్టి చూపించింది లొరెయిన్. బెరిల్ బాగుందని తలూపింది. వీధిలోకి వచ్చాక ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. దారినపోయేవాళ్లు పక్కకు తప్పుకుని నడిచారు.

ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. డెస్ గురించి మాట్లాడుకునేవారు కూడా. అతని బూట్ల దగ్గర ఎప్పుడూ విరిగిన పాల వాసన వచ్చేదని, నిద్రలో సీసాలు లెక్కపెట్టేవాడని బెరిల్ చెప్పేది. లొరెయిన్ వినేది. ముఖం మాత్రం తిరిగి రాలేదు. వచ్చిందా అని లొరెయిన్ మొదట్లో అడిగేది, తర్వాత అడగడం మానేసింది.

కొన్నేళ్లకు బెరిల్ ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో చేరింది. చివరి రోజుల్లో మాట కాస్త పొంతన తప్పింది. వంటింట్లో గ్యాసు కట్టేశారా అని, పిల్లలకు కస్టర్డ్ సరిపోయిందా అని అడిగేది. వాళ్ల అమ్మను పిలిచింది, ఐవీని పిలిచింది, ఏనాటిదో బస్సాయన పేరు కూడా ఎత్తింది. లొరెయిన్ మంచం పక్కనే చెయ్యి పట్టుకుని కూర్చుని ఒక్క పేరు కోసం కాచుకుంది. ఆ పేరు బెరిల్ నోట రాలేదు.